చీటీలో లేని సీను

బొమ్మ 611, సోమవారం

నిన్నటి బొమ్మ ఫరవాలేదు. ఇంటర్వెల్ దాకా పరుగెత్తింది, ఆ తర్వాత కాళ్ళీడ్చింది. కోర్టు సీను అంతసేపు ఎందుకు లాగిందో ఆ పెట్టెకే తెలియాలి. రెండు వందల పన్నెండు మందీ నా బల్ల దగ్గరికి వచ్చి తమకు నచ్చిన చోటు చెప్పి వెళ్ళారు. అన్నీ చీటీలో ఉన్నవే, ఒక్క తప్పూ లేదు. నా పేరు పక్కన నేనే టిక్కు పెట్టుకున్నాను.

ఎక్కువమందికి నచ్చింది చెప్పు తెగిన సీను. హీరో తల్లి తెగిన చెప్పు చేతబట్టుకుని బస్సు కండక్టరుతో పోట్లాడి, చివరికి అతని చెప్పులే వేసుకుని దిగిపోతుంది. నేల కింద పుట్టిన ఇక్కడి పిల్లలకు బస్సంటే ఏమిటో తెలియదు. "గా ఇనుప గది ఎందుకట్ల ఊగుతున్నది?" అని అడిగారు ఇద్దరు. వివరించి వివరించి నా గొంతు ఎండిపోయింది. కదిలే సొరంగం అని చెబితే అప్పటికి ఊరుకున్నారు.

మా ఆయన మొగిలికి మాత్రం విలన్ తుమ్మిన చోటు నచ్చిందట. మొగిలి ఫ్యాన్లు బాగుచేసే మనిషి, నటుడు కావలసినవాడు. "కత్తి లేపిండు, తుమ్మిండు, కత్తి కింద పడె, కథ అయిపాయె" అంటూ నా రూళ్ళకర్ర పట్టుకుని చేసి చూపించాడు. వెనక వరసంతా పడీ పడీ నవ్వింది. పనివేళలో వేషాలేమిటని కసిరాను కానీ నాకూ నవ్వొచ్చింది.

ఈ పని నాకు ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం పెట్టె ఒక కొత్త బొమ్మ తయారుచేసి పెద్ద హాల్లో వేస్తుంది, వేయగానే చెరిపేస్తుంది. అందులో ఏమేం సీన్లున్నాయో రాసిన చీటీ నా ఒక్కదానికే వస్తుంది. మా దగ్గర ఇంతకంటే నమ్మకమైన గాలి మీటరు లేదు. అసలు మీటర్లు పాడై పదకొండేళ్ళయింది. గోడల పగుళ్ళలోంచి వచ్చే దొంగగాలికి రంగు లేదు, వాసన లేదు. అది తలకెక్కిన మనిషి మామూలుగానే తింటాడు, మామూలుగానే పనిచేస్తాడు. బొమ్మలో లేని సీను మాత్రం ఉన్నట్టు చెబుతాడు. కొన్నాళ్ళకు ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతాడు. ఆ తర్వాత నిద్ర లేవడు.

బొమ్మ 612, సోమవారం

ముందు నా తప్పు రాసుకోవాలి.

మూడు నెలల కిందట భూదేవక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె మా మూడో సొరంగంలోనే, మా పక్క మంచం. పుట్టగొడుగుల మడుల్లో వారమంతా నడుం వంచి పనిచేసి, ఆదివారం హాల్లో దీపాలు ఆర్పగానే నిద్రపోతుంది. "స్వరూపా, నాకేం యాదికి లేదే. ఏదన్న నోటికొచ్చింది చెప్తే నన్ను పైకి పంపుతరు. జర ఒక్క సీను చెప్పు బిడ్డా" అంది. ఆమె కళ్ళలో నిద్ర తప్ప ఏ దొంగగాలీ లేదు. చెప్పాను.

పై గది అంటే ఎవరికైనా వణుకే. సోమవారం తప్పు చెప్పి, మంగళవారం మళ్ళీ అడిగినా తప్పే చెబితే ఆ మనిషిని ఇరవై ఒక్క రోజులు పైన ఉంచుతారు. అక్కడ గాలి మంచిదే. కానీ అది నేలకు దగ్గరగా ఉన్న గది, పైన ఎండ. గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. క్రితంసారి ఐదుగురు వెళితే ఇద్దరు దిగివచ్చారు.

భూదేవక్కకు చెప్పిన సంగతి ఇంకొకామెకు తెలిసింది, ఆమె ద్వారా ఆమె మరిదికి. ఇప్పుడు ఆదివారం బొమ్మ అయిపోయేసరికి నా మంచం చుట్టూ మూగుతున్నారు. బాగా చూసినవాళ్ళు కూడా, ఎందుకొచ్చిన గొడవ అని నాతో సీను చెప్పించుకుంటున్నారు. ఈ వారం మా సొరంగంలో అరవై ముగ్గురుంటే నలభై మంది ఒకే చోటు చెప్పారు, పెళ్ళికొడుకు పొరపాటున వేరే ఇంటికి వెళ్ళి భోంచేసిన చోటు. నేను చెప్పిన మాటల్లోనే చెప్పారు. "గమ్మత్తుగ ఉన్నది" అని నేను అంటే అందరూ గమ్మత్తే అన్నారు. ఒకప్పుడు ఈ బల్ల దగ్గర తగువులు జరిగేవి. హీరోయిన్ చేసింది తప్పని ఒకరు, కాదని ఒకరు అరుచుకుంటే నేను రూళ్ళకర్రతో బల్ల మీద కొట్టి ఆపేదాన్ని. ఆ గోల ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనే లేదు.

మొగిలి నన్నెప్పుడూ అడగడు. అతనికి బొమ్మ చూడటమంటే పండగ, ఇంకొకరు నమిలిపెట్టింది అతనికెందుకు? ఇవాళ బల్ల ముందు కూర్చుని కళ్ళు మెరిపిస్తూ మొదలుపెట్టాడు.

"మ్యాక వచ్చిన సీను."

"ఏ మ్యాక?"

"పెండ్లి పందిట్లకు తెల్ల మ్యాక రాలే? పురోహితుని పంచె నములుకుంట? ఆయన మంత్రం ఆపడు, పంచె ఇడువడు. అబ్బ, నాకైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ నవ్వి నవ్వి."

చీటీ చూశాను. మళ్ళీ చూశాను. వెనక్కి తిప్పి చూశాను. మేక లేదు. పురోహితుడే లేడు, అది రిజిస్టరాఫీసు పెళ్ళి. వెనక నిలబడ్డవాళ్ళు వింటున్నారేమోనని తలెత్తి చూశాను. చిన్నగా దగ్గి, అతని పేరు పక్కన "వేరే ఇంటి భోజనం" అని రాశాను.

బొమ్మ 612, మంగళవారం

పొద్దున టీ తాగుతూ మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఇంకేముండె ఆ సీనుల?"

"మ్యాక చెవికి ఎర్ర దారం ఉండె గదా. నువ్వు సూడలేదా? బొమ్మ ముంగట కూసొని సీన్ల చీటీ సదువుతవ్ నువ్వు, ఇంక బొమ్మేం సూస్తవ్?" అని ఎగతాళి చేశాడు.

రెండోసారీ తప్పే. నియమం ప్రకారం నేను ఇన్‌చార్జి ఓదెలు సారు దగ్గరికి వెళ్ళి మొగిలి పేరు చెప్పాలి. చెబితే మూడో సొరంగం ఖాళీ చేసి, గోడలో ఎక్కడ పగిలిందో వెతుకుతారు. మొగిలిని పైకి పంపుతారు. అతనికి దమ్ము జబ్బు ఉంది. కింద ఈ చల్లదనంలోనే మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఆ వేడిలో ఇరవై ఒక్క రోజులు కాదు, మూడు రోజులు కూడా ఉండలేడు.

వెళ్ళలేదు. ఒక్కడే కదా తప్పు చెప్పింది అనుకున్నాను. మిగతా అరవై రెండు మందీ సరిగ్గానే చెప్పారు కదా అనుకున్నాను.

బొమ్మ 613, సోమవారం

నిన్న మొగిలిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిసారి అతనికీ సీను చెప్పి ఉంచాను. పడవ నడిపే ముసలాయన డబ్బా రేడియోతో కొట్లాడే చోటు. "నాకు నచ్చిన సీను నేను చెప్పుకోవద్దా?" అని అలిగాడు. నా కోసం చెప్పమన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, సరే అన్నాడు.

ఇవాళ అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. హమ్మయ్య అనుకుని టిక్కు పెట్టాను. ఆ టిక్కు ఆరకముందే సంగతి అర్థమైంది. నేను చెప్పింది నాకే తిరిగి చెప్పాడు. దానివల్ల అతని తల బాగుందో లేదో నాకేం తెలిసింది? అతని వెనక నిలబడ్డ భూదేవక్కా అదే చెప్పింది. ఆ ఇంకొకామె మరిదీ అదే చెప్పాడు. మూడు నెలలుగా మా సొరంగమంతా నా మాటలే నాకు అప్పజెబుతోంది. అందులో ఎవరి తలలో ఏముందో ఎవరికీ తెలియదు. మీటరు నేనే విరగ్గొట్టాను.

సాయంత్రం ఓదెలు సారు పిలిపించాడు. అంతా తెలిసిపోయిందనుకుంటూ వెళ్ళాను. సారు నవ్వుతున్నాడు.

"మూడో సొరంగం మూణ్ణెల్ల సంది ఒక్క తప్పు లేకుంట ఉన్నది స్వరూప. అన్నిట్ల గిదే శుభ్రం. ఒకటో దాంట్ల తేమ పెరిగింది, పిల్లలకు దగ్గులు. పందొమ్మిది మంది పిల్లల్ని వచ్చే సోమవారం సంది మీ దాంట్ల పండవెడదాం. ఏమంటవ్?"

"మంచిగనే ఉంటది సారూ" అన్నాను. నా నోరే అంది.

బొమ్మ 613, గురువారం

మూడు రోజులుగా ఒక పని చేస్తున్నాను. రిజిస్టరు లేకుండా, చీటీ కొంగులో దాచుకుని, మా సొరంగం వాళ్ళను ఒక్కొక్కరిని పనిలో ఉండగా పలకరిస్తున్నాను. నేను చెప్పింది వదిలెయ్యండి, ఆదివారం బొమ్మలో మీకు నిజంగా ఏది నచ్చింది అని అడుగుతున్నాను.

ఎంత సంబరపడుతున్నారో! ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు మరి. కుట్టుపని చేసే ఆమె సూది పక్కన పెట్టి, పడవలో పుట్టిన పిల్లకు ఏరు పేరు పెట్టిన సీను చెప్పింది. ముసలాయన రేడియోను నీళ్ళలోకి విసిరి మళ్ళీ తనే దూకి తెచ్చుకున్న సీను ఒకాయన చెప్పాడు. ఆ రెండూ ఉన్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది.

భూదేవక్క ఈసారి నిద్రపోలేదట. పుట్టగొడుగులు కోస్తూ చెప్పింది.

"కోర్టుల వాన పడ్డది సూడు, అది. జడ్జి గొడుగు పట్టుకొని తీర్పు సదువుతడు. ముద్దాయి తడుస్తడు. ఆఖరుకు జడ్జి ఆని గొడుగు కిందికి రమ్మంటడు. ఎంత మంచిగ తీసిండ్రే!"

బాగుంది. పెట్టె తీసిన ఏ సీనుకన్నా బాగుంది. కానీ ఆ బొమ్మలో కోర్టు లేదు.

పదకొండు మందిని అడిగాను. ఏడుగురు లేనివి చెప్పారు. ఏడుగురివీ ఏడు వేరు వేరు సీన్లు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పారు. పన్నెండో మనిషిని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చేసరికి మొగిలి మా మంచాల మధ్య ఖాళీ స్టూలు వైపు చూస్తూ, "ఇంకో చాయ్ తాగుతవా?" అని అడుగుతున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నన్ను చూసి, "ఈయనకు గూడ పొయ్యరాదే" అన్నాడు. స్టూలు మీద ఎవరూ లేరు.

పోశాను. ఏం చెయ్యను? టీ పోసి స్టూలు మీద పెట్టాను. నాకు ఏడుపు రాలేదు, భయం తప్ప ఇంకేదీ పట్టేంత చోటు లేదు నాలో.

బొమ్మ 614, సోమవారం

ఈ వారం ఎవరికీ సీను చెప్పలేదు. నా మంచం చుట్టూ మూగినవాళ్ళను తిట్టి పంపేశాను.

పొద్దున పిల్లలు పరుపు చుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా మా సొరంగం వైపు వస్తున్నారు. ముందున్న పిల్ల పాట పాడుతోంది. ఆ వరసకు అడ్డంగా నిలబడి, వెనక వస్తున్న ఓదెలు సారుకు అక్కడే అంతా చెప్పేశాను. సీన్లు అందించింది నేనే అని, రిజిస్టరు అబద్ధమని, మొగిలిని దాచానని, గురువారానికి పదకొండు మందిలో ఏడుగురు లేని సీన్లు చెప్పారని.

సారు అరుస్తాడనుకున్నాను. అక్కడే ఒక పరుపు చుట్ట మీద కూలబడ్డాడు.

"నా మనవరాలు గూడ ఉన్నది ఈ పిల్లలల్ల" అన్నాడు. తల ఎత్తి, "మూణ్ణెల్లు స్వరూప. మూణ్ణెల్లు ఆ గాలి పీల్చిండ్రు జనం. నేను నీకు మెచ్చుకోలు చెప్పిన" అన్నాడు. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

పిల్లల్ని వెనక్కి తిప్పి హాల్లో ఒక పక్కన, మా అరవై ముగ్గురినీ ఇంకో పక్కన కూర్చోబెట్టారు. చీటీ నా చేతిలోంచి తీసుకుని ఒకటో సొరంగం సులోచనకు ఇచ్చారు. ఆమెకు ఇరవై రెండేళ్ళు, పిల్లలకు చదువు చెబుతుంది. ఒక్కొక్కరూ లేచి చెప్పడం, ఆమె చీటీ చూసి అవును, కాదు అనడం. ముప్ఫై ఎనిమిది మందికి కాదు అంది. మొగిలి లేచి నవ్వుతూ, చేతులు తిప్పుతూ, వంటవాడు గరిటెతో దొంగను తరిమిన సీను చేసి చూపించాడు. కాదు అంది సులోచన. "కాదంటే ఎట్ల పిల్లా? నేను సూసిన" అని మొగిలి అటూ ఇటూ చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆఖర్న సారు అన్నాడు, "నువ్వు గూడ చెప్పు స్వరూప."

నాకు వింతగా అనిపించింది. పదకొండేళ్ళలో నన్నెవరూ అడగలేదు. నేనూ చీటీ చేతిలో లేకుండా ఏ బొమ్మ గురించీ మాట్లాడలేదు. అయినా నాకేం బెదురు లేదు, ఈ బొమ్మ నాకు అంతగా నచ్చింది.

హాస్టల్లో వంటవాడికి అది చివరి రోజు, అని మొదలుపెట్టాను. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోతాడు. పిల్లలు ఒక్కొక్కరే ముద్ద నోట్లో పెట్టుకుని ఆగుతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. అందరూ గిన్నెలు ఖాళీ చేసి, మారు అడిగి పెట్టించుకుంటారు. చివరికి తనే రుచి చూసుకుని, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. ఆ చోట నేను ఏడ్చాను, కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, అన్నాను.

సులోచన చీటీ ఆ వైపు ఈ వైపు తిప్పింది. పక్క బెంచీ మీద కూర్చున్న పిల్లల వైపు చూసింది. వాళ్ళందరూ నిన్న అదే బొమ్మ చూశారు. పొద్దున పాట పాడిన పిల్ల లేచి నిలబడింది, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అంది.

"అక్కా, వంటాయన మొదట్లనే సచ్చిపోతడు గదా."

బొమ్మ 614, మంగళవారం

ఇక ఈ పుస్తకం సులోచనది. పైకి వెళ్ళేముందు చివరి రోజు నేనే రాసి ఇస్తానన్నాను. సారు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఒక్కో వాక్యం రాశాక సులోచనకు చదివి వినిపించాలి, ఆమె అవునంటేనే తర్వాతది రాయాలి. ఆమె నా ఎదురుగా కూర్చుంది.

మూడో సొరంగం ఖాళీ చేశారు. అవును అంది. పిల్లలు ఒకటో సొరంగంలోనే ఉన్నారు, తేమ తగ్గడానికి అక్కడికి రెండు ఫ్యాన్లు తెచ్చారు. అవును. గోడలో పగులు భూదేవక్క మంచం వెనక దొరికింది, వేలు పట్టేంత. అవును. నా పేరుతో కలిపి ముప్ఫై తొమ్మిది మందిని పైకి పంపుతున్నారు. పై గది ఒక్కటి చాలదని పైన పడివున్న పాత సరుకు వాగన్లను గదులుగా చేసి, వాటికి నీళ్ళలో తడిపిన గోనెలు కట్టారు. అవును. ఈసారి ఎక్కువమంది దిగివస్తారని సారు అన్నాడు. అన్నడు అక్కా, అంది.

కోపంగా ఉందా నా మీద, అని అడిగాను. ఉన్నది అంది. అదీ రాయమంది.

మొగిలి నా పక్కన కూర్చుని మా ఇద్దరి బట్టలూ మూట కడుతున్నాడు, అని రాసి చదివాను.

సులోచన తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చదివాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, మొగిలన్న నిన్న హాల్ల సీను చెప్పి కూసున్నంక మల్ల లేవనే లేదు. కూసున్న కాడనే ఒరిగిండు. ఊపిరున్నది, నిద్రల ఉన్నడు. నిన్ననే పైకి మోసుకపోయిండ్రు. కాళ్ళ దిక్కు నువ్వే పట్టినవ్."

ఆ వాక్యం కొట్టెయ్యమంది. దాని మీద అడ్డంగా గీత గీశాను. గీతను కూడా చూపించాను, అవును అంది. కలం తనకిమ్మని చెయ్యి చాపింది. ఇంకో రెండు ముక్కలే, అన్నాను.

నాకు చచ్చేంత భయంగా ఉంది. పక్కకు తిరిగి చూడటం లేదు. మూట ముడి బిగిసిన చప్పుడు వినిపించింది, "ఏమంటున్నదే ఆ పిల్ల?" అని అడుగుతున్నాడు, జవాబు చెప్పకపోతే అలుగుతాడు. ఈ నాలుగు మాటలూ సులోచనకు చదివి వినిపించలేదు.